‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మాన్’: ఒక్కో సీను మీద పిల్లలతో విమర్శ రాయించడం ఎలా?

నమస్కారమండీ. మీరు అడిగింది ఇది: పదకొండో తరగతి పిల్లలకు ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మాన్’ చెబుతున్నారు. తలా ఒక సీను పంచి, దాని మీద విమర్శ రాసుకు రమ్మన్నారు. దాదాపు అందరూ కథనే మళ్లీ చెప్పారు. మిగిలినవాళ్లు నాటకంలోని ముసలి సేల్స్‌మాన్ విల్లీ లోమన్ గురించి ‘విల్లీ మంచి తండ్రి కాదు’ అని తీర్పు చెప్పి ముగించారు. కథ చెప్పడం మాన్పించి, సీనును చూడటం ఎలా నేర్పాలన్నది మీ ప్రశ్న. నేను అమెరికాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి 23 ఏళ్లయింది. ఈ నాటకం చెప్పని ఏడాది అందులో రెండో మూడో ఉంటాయి. ఇప్పుడు మీరు పడుతున్న టెన్షన్ నేనూ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటి ఏడాది నేను పిల్లలకు ఇచ్చిన ప్రశ్న ‘విల్లీ లోమన్ విషాద నాయకుడా, కాదా?’ అని. ముప్పై ఎస్సేలు వచ్చాయి, ముప్పైలోనూ ఒకే మాటలు. అమెరికన్ డ్రీమ్, సమాజం, పెట్టుబడిదారీ వ్యవస్థ. గైడు వెబ్‌సైటు ఒకటి చదివితే చాలు, ఆ ఎస్సే రాసెయ్యొచ్చు. పిల్లల మీద కోపం వచ్చింది కానీ, ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తప్పు నా ప్రశ్నదేనని తేలింది. పెద్ద ప్రశ్నకు పుస్తకం తెరవకుండా జవాబు రాయొచ్చు. ‘యజమాని గదిలోకి అడుగుపెట్టినప్పుడు విల్లీ వారానికి ఎంత జీతం అడిగాడు, చివరికి ఎంతకు దిగాడు?’ అన్న ప్రశ్నకు మాత్రం పుస్తకం తెరవక తప్పదు. అప్పటినుంచి నా పద్ధతంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. ముందు సీనులో లెక్కపెట్టగలిగిందీ, చేత్తో పట్టుకోగలిగిందీ వెతకమంటాను. అభిప్రాయం సంగతి ఆ తర్వాత.

ఇంకో చిక్కు ‘విమర్శ’ అన్న మాటతోనే వస్తుంది. తెలుగులో ఎవరినైనా విమర్శించాడంటే తప్పు పట్టాడనే అర్థం. ఇంగ్లీషులోనూ పిల్లలు దాన్ని అలాగే తీసుకుంటారు. అందుకే విల్లీని బోనులో నిలబెట్టేస్తారు. నేను వాళ్లకు మా తాతగారి సంగతి చెబుతాను. ఆయన పద్యనాటకాల పిచ్చివాడు. కురుక్షేత్రం ఆడుతున్నారంటే రాత్రంతా కూర్చునేవారు. తెల్లారి అరుగు మీద చేరాక ఆయనా ఆయన స్నేహితులూ కృష్ణుడు మంచివాడా చెడ్డవాడా అని మాట్లాడుకునేవారు కాదు. పడక సీనులో కృష్ణుడు కళ్లు ఎప్పుడు తెరిచాడు, ముందు ఎవరివైపు చూశాడు, ఆ పద్యం ఎక్కడ ఆపాడు, రాయబారం సీనుకు వచ్చిన రెండో కృష్ణుడు ఎందుకు తేలిపోయాడు, ఇదే చర్చ. చదువు పెద్దగా లేని మనుషులు ఒక్కో సీనును అంత నిశితంగా చూసేవారు. మన పిల్లలతో చేయించాల్సింది ఆ పనే.

ఇక నాటకంలోకి వద్దాం. మీరు సీన్లు పంచానన్నారు కదా, వాటి హద్దులు ఎవరు గీశారు? మీరే అయితే వచ్చేసారి ఆ పని పిల్లలకే వదిలెయ్యండి. మిల్లర్ ఈ నాటకాన్ని సీన్లుగా విడగొట్టలేదు. రెండు అంకాలు, చివర శ్మశానంలో జరిగే ‘రిక్వియం’ అనే చిన్న భాగం, అంతే. సీను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పాలంటే విద్యార్థి ఒక నిర్ణయం తీసుకోవాలి, ఎందుకో చెప్పాలి. విమర్శ అక్కడే మొదలైపోతుంది. ఉదాహరణకు మొదటి అంకంలో విల్లీ పక్కింటి చార్లీతో పేకాడుతూ ఉండగానే చనిపోయిన అన్న బెన్ కనిపిస్తాడు. విల్లీ ఒకేసారి ఇద్దరితోనూ మాట్లాడతాడు. చార్లీకి బెన్ కనిపించడు, అందుకే విల్లీ మాటలు అతనికి అర్థం కావు. అది ఒక సీనా, రెండు సీన్లా? మా క్లాసులో దీని మీద ఒక పీరియడంతా వాదన నడిచింది. ఒక పాప లేచి, ‘చార్లీకి ఒకటే సీను, విల్లీకి రెండు, మనకు మూడు’ అంది. ఆ వాక్యం బోర్డు మీద రాసి, ఆ వారమంతా చెరపలేదు.

ఇక్కడ రంగసూచనలు చదివించకపోతే పిల్లలు చాలా పోగొట్టుకుంటారు. ఇటాలిక్స్ కనబడగానే దాటేసి డైలాగులోకి దూకుతారు. నాటకం మొదట్లోనే మిల్లర్ ఒక నియమం పెట్టాడు. కథ ఇప్పటి కాలంలో నడుస్తుంటే నటులు ఇంటి గోడలున్నట్టే నడుచుకోవాలి, గుమ్మంలోంచే లోపలికి రావాలి. విల్లీ మనసు పాత రోజుల్లోకి వెళ్లినప్పుడు ఆ గోడలు ఉండవు. మనుషులు గోడల్లోంచే నడిచి ముందుకు వచ్చేస్తారు. జో మీల్జీనర్ వేసిన మొదటి సెట్టు ఈ నియమం కోసమే పైకప్పు, గోడలు లేని చట్రంలా ఉంటుంది. క్లాసులో నేల మీద మాస్కింగ్ టేపు అంటించి ఇల్లు గీయించండి, ఇద్దరు పిల్లలను నడిపించండి. ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే మాట వాళ్ల నోటినుంచి దానంతటదే పోతుంది. ఈ నాటకంలో ఫ్లాష్‌బ్యాకులు లేవని మిల్లరే రాశాడు. విల్లీ తలలో గతమూ వర్తమానమూ ఒకేసారి నడుస్తుంటాయి. మిల్లర్ ఈ నాటకానికి ముందు అనుకున్న పేరు కూడా ‘ది ఇన్‌సైడ్ ఆఫ్ హిజ్ హెడ్’ అనే.

ఇప్పుడు అసలు నమూనా. ఏటా అందరితో కలిసి నేనే చేసి చూపించే సీను రెండో అంకంలోని హోవర్డ్ ఆఫీసు సీను. నా లెక్కలో నాటకం మొత్తంలో ఇంత గట్టిగా కట్టిన సీను మరొకటి లేదు.

జరిగేది కొంచెమే. అరవై దాటిన విల్లీ ఇక ఊళ్లు తిరగలేనని, న్యూయార్కులోనే ఏదైనా పని ఇవ్వమని యువ యజమాని హోవర్డ్‌ను అడగడానికి వస్తాడు. ఉద్యోగమే పోతుంది. మొదటిసారి చదివాక పుస్తకం మూయించి, గుర్తున్న అంకెలు రాయమంటాను. విల్లీ వారానికి 65 డాలర్లు అడుగుతాడు. కాసేపటికి 50 అంటాడు. ఆ తర్వాత 40. అవతలివాడు బేరమేమీ ఆడలేదు. ‘ఇంతకంటే తక్కువ ఇస్తా’ అని హోవర్డ్ ఎక్కడా అనడు. విల్లీ తన ధర తానే తగ్గించుకుంటూ పోతాడు. ముప్పై ఏళ్లకు పైగా సరుకు అమ్మిన మనిషి తనను తాను అమ్ముకోవాల్సి వచ్చేసరికి, ఏ సేల్స్‌మాన్ చెయ్యని తప్పు చేస్తాడు. ఇది నేను చెప్పింది కాదు. పదహారేళ్ల కుర్రాడొకడు ఆ మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకుని, కాసేపు చూసి చెప్పాడు. అంతకుముందు వాడు రాసిన ఎస్సేలో ‘విల్లీ సమాజం చేతిలో బలయ్యాడు’ అని ఉంది. తేడా మీరే చూడండి.

తర్వాత వస్తువు. హోవర్డ్ బల్ల మీద వైరు రికార్డర్ ఉంటుంది. ఈ కాలం పిల్లలకు అదేమిటో తెలియదు. సన్నటి స్టీలు తీగ మీద శబ్దం ఎక్కించే యంత్రమని చెప్పి ఫోటో చూపించండి. విల్లీ తన బతుకు మాట ఎత్తబోతే హోవర్డ్ ఆపి, కూతురు ఈల వేయడం వినిపిస్తాడు. తర్వాత అయిదేళ్ల కొడుకు రాష్ట్రాల రాజధానులు అక్షరక్రమంలో గడగడా అప్పజెబుతాడు. తర్వాత భార్య ఏం మాట్లాడాలో తెలియక సిగ్గుపడుతుంది. విల్లీ నిలబడి అన్నింటినీ మెచ్చుకుంటాడు. ఎవరి మాట పూర్తిగా వినబడింది, ఎవరి మాట తెగిపోయింది అని పిల్లలను గుర్తులు పెట్టమనండి. యంత్రంలోని గొంతులకు హోవర్డ్ ఇచ్చిన చెవి ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇవ్వలేదని వాళ్లే కనిపెడతారు. దాని ఖరీదు 150 డాలర్లు. అది లేకపోతే గడవదని, విల్లీ కూడా ఒకటి కొనుక్కోవాలని హోవర్డ్ చెబుతాడు. రేడియోలో ప్రోగ్రాం వచ్చే వేళకు పనిమనిషిని ఆన్ చెయ్యమంటే చాలట. తన ఇన్సూరెన్సు కట్టలేక వచ్చినవాడికి ఈ సలహా! 150ని 40తో భాగించి చూడమంటాను. ఆ యంత్రం విల్లీకి దాదాపు నాలుగు వారాల జీతం.

అంత చూశాక మూడో మెట్టు. విల్లీ కాసేపు ఒంటరిగా మిగులుతాడు. హోవర్డ్ తండ్రి, చనిపోయిన ఫ్రాంక్, ఎదురుగా ఉన్నట్టు మాట్లాడుతూ బల్ల మీద చెయ్యి ఆన్చేసరికి రికార్డర్ ఆన్ అయిపోతుంది. పిల్లాడి గొంతు మళ్లీ రాజధానులు చెప్పడం మొదలుపెడుతుంది. విల్లీకి దాన్ని ఆపడం తెలియదు, భయంతో హోవర్డ్‌ను కేకేస్తాడు. హోవర్డ్ వచ్చి ప్లగ్గు పీకుతాడు. ‘నువ్వు ఇక మా తరఫున తిరగనక్కర్లేదు’ అన్న మాట ఆ తర్వాతే వస్తుంది. ఈ వరుస ముఖ్యమండీ. ఉద్యోగం తీసేశాక యంత్రం మొరాయించి ఉంటే అది కరుణరసం కోసం అతికించినట్టుండేది. ముందే మొరాయించింది కాబట్టి, అప్పటిదాకా మాట దాటేస్తూ వచ్చిన హోవర్డ్‌కు ఈ మనిషి పనికిరాడని కళ్ల ముందే సాక్ష్యం దొరికినట్టయింది. రెండు సంఘటనలను తారుమారు చేసి చదివించండి. ఏం పోయిందో పిల్లలు వెంటనే పట్టేస్తారు. ‘తారుమారు చేసి చూడు’ అన్నది ఏ సీనుకైనా పనికొచ్చే పరీక్ష.

హోవర్డ్ దుర్మార్గుడని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు నేను అడ్డు చెప్పను. హోవర్డ్ గొంతు పెంచిన చోట్లు చూపించమంటాను. కష్టపడి వెతికినా పెద్దగా దొరకవు. దొరికేది ఇంకొకటి. తనకంటే ఎంతో పెద్దవాడిని హోవర్డ్ ‘కిడ్’ అని పిలుస్తాడు. తెలుగిళ్ల పిల్లలకు ఇది మరీ గట్టిగా తగులుతుంది. పుట్టినప్పుడు తనకు పేరు పెట్టడంలో చెయ్యి ఉన్న మనిషిని ‘ఏరా అబ్బాయ్’ అన్నట్టే కదా. ఒక ఏడాది మా క్లాసులో ఒక తెలుగబ్బాయి ఈ సీను మీద రాస్తానని తనే అడిగి తీసుకున్నాడు. వాళ్ల నాన్నకు ఆ మధ్యే ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఎస్సేలో ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. సీనులో విల్లీ ‘హోవర్డ్’ అని పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచాడో లెక్కపెట్టి, ఆ పిలుపు సీను ముందుకు పోయేకొద్దీ ఎలా బతిమాలటంగా మారిందో రెండు పేజీలు రాశాడు. నా దగ్గరకు వచ్చిన ఎస్సేలన్నింటిలో దాన్ని మించింది నేను చూడలేదు. సొంత బాధ చెప్పుకోమని నేను అడగలేదు, మీరూ అడగకండి. సీను మీద పెట్టిన చూపులోనే అది బయటికి వచ్చింది.

ఇంకో సీను కాస్త ఆగి చూద్దాం. మొదటి అంకంలో కమిషన్ లెక్క. ఇది చిన్నది, బలహీనంగా రాసే పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. పాత రోజుల్లో ఒకసారి విల్లీ టూరు నుంచి వచ్చి, ప్రావిడెన్సులో 500 గ్రోసు, బోస్టన్‌లో 700 గ్రోసు అమ్మానని గొప్పగా చెబుతాడు. భార్య లిండా పెన్సిల్ తీసుకుని 212 డాలర్ల కమిషన్ అని లెక్కగట్టి సంబరపడుతుంది. విల్లీ నసుగుతాడు. చివరికి మొత్తం టూరు మీద సుమారు 200 గ్రోసు అని తేలుతుంది. కమిషన్ డెబ్బై డాలర్ల చిల్లర. ఆమె ‘చాలా బాగుంది’ అంటుంది. వెంటనే ఇంట్లో కట్టాల్సిన బాకీలు ఒక్కొక్కటే చదువుతుంది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, వాక్యూమ్ క్లీనర్, పైకప్పు, కారు కార్బురేటర్. నెలలో 15వ తేదీకి 120 డాలర్లు కావాలి. కాసేపటి ముందు లోకంలోనే గొప్ప కారని పొగిడిన షెవ్రొలేను ఇప్పుడు అసలు తయారు చెయ్యనివ్వకూడదంటాడు విల్లీ. ఈ రెండు మాటల మధ్య నాలుగైదు నిమిషాలు కూడా గడవవు.

ఇక్కడ పిల్లలు రాసే మొదటి వాక్యం ‘విల్లీ అబద్ధాలకోరు’. నేను అడిగేది: లిండాకు అబద్ధమని ఎప్పుడు తెలిసింది? పెన్సిల్ ఎప్పుడు ఆగింది? నిజానికి ఆ సీను నడిపేది ఆమే. నిజం బయటికి లాగుతుంది, కానీ లాగినట్టు అనిపించనివ్వదు. ఒక విద్యార్థిని మాత్రం ఒప్పుకోలేదు. ‘లిండాకు సొంత కోరికంటూ ఒక్కటీ లేదు, మిల్లర్ ఆమెను భర్తకు ఊతకర్రగానే రాశాడు, ఇది నాటకంలో లోపం’ అని రాసింది. విల్లీ బోస్టన్ హోటల్ గదిలో రహస్యంగా కలిసే ఆవిడకు పేరే లేదని, స్క్రిప్టులో ‘ది వుమన్’ అని మాత్రమే ఉందని ఆధారం చూపింది. నేను ఆ అమ్మాయితో పూర్తిగా ఏకీభవించను. కొడుకులిద్దరినీ నిలబెట్టి, ఇలాంటి మనిషిని కూడా పట్టించుకోవాలని లిండా గద్దించే సీను నా మనసులోంచి పోదు. అయినా ఆ ఎస్సేకు పూర్తి మార్కులు వేశాను. పులిట్జర్ వచ్చిన నాటకాన్ని తప్పుబట్టే హక్కు తమకుందని పిల్లలకు తెలియాలి. ఆధారం పుస్తకంలో ఉంటే చాలు.

ఆ కమిషన్ సీనులోనే మేజోళ్లు వస్తాయి. లిండా చిరిగిన మేజోళ్లు కుట్టుకుంటూ కూర్చుంటుంది. చీకట్లోంచి వేరే ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది. విల్లీ ఆమెకు కొత్త మేజోళ్లు ఇచ్చాడని మనకు తెలుస్తుంది. ఇంట్లో లిండా కుడుతుంటే చూడలేక కసురుకుంటాడు. రెండో అంకంలో బోస్టన్ హోటల్ గది వచ్చేసరికి, పరీక్ష తప్పి తండ్రి సాయం కోసం వచ్చిన పెద్దకొడుకు బిఫ్ ‘అమ్మ మేజోళ్లు ఆమెకిచ్చావు’ అని అరుస్తాడు. రెండు సీన్లనూ ఇద్దరు పిల్లలకు విడివిడిగా ఇచ్చి, రాశాక ఎస్సేలు మార్చుకుని చదవమంటాను. ఒకరి సీనులో వేసిన ముడి ఇంకొకరి సీనులో ఎలా విడిపోయిందో అప్పుడు వాళ్లకు కనిపిస్తుంది. బోస్టన్ సీను మీద గట్టి అభ్యంతరం కూడా ఒకటి వస్తుంటుంది. ఒక్క రాత్రి చూసిన దృశ్యంతోనే ఒక కుర్రాడి జీవితమంతా పాడైందంటే నమ్మొచ్చా అని. నాకూ ఆ అనుమానం ఉంది. బిఫ్ ఫుట్‌బాల్ ఎత్తుకొచ్చినప్పుడు తండ్రి నవ్వి ఊరుకున్న చోటే అసలు బీజం ఉందని నేననుకుంటాను. బోస్టన్ సీను స్టేజి మీద అంత బలంగా పండేసరికి మనం ఆ చిన్న దొంగతనాన్ని మరిచిపోతాం.

రెస్టారెంటు సీను ఎక్కువమంది పిల్లలు కోరుకుంటారు, కానీ అది పెద్దది, చిక్కుముడి ఎక్కువ. బాగా రాసేవాళ్లకే ఇవ్వండి. ఇచ్చినా ఒక్క వస్తువు చుట్టూ రాయమనండి, బిఫ్ దొంగిలించిన ఫౌంటెన్ పెన్ను. లేదంటే ఒక్క వాక్యం చుట్టూ. పక్కనున్న అమ్మాయిలతో చిన్నకొడుకు హ్యాపీ ‘ఆయన మా నాన్న కాదు, ఎవరో’ అనే చోటు.

చార్లీ ఆఫీసులో బెర్నార్డ్ సీను మాత్రం తక్కువ మాట్లాడే పిల్లలకు ఇస్తాను. చిన్నప్పుడు బిఫ్‌కు లెక్కలు చెబుతానని వెంటపడి నవ్వులపాలైన పక్కింటి కుర్రాడు ఇప్పుడు లాయరు. సుప్రీంకోర్టులో కేసు వాదించడానికి వెళ్తున్నాడు. ఆ మాట అతను విల్లీతో అనడు, తండ్రి చార్లీ చెబుతాడు. చెప్పుకోలేదేమని విల్లీ ఆశ్చర్యపోతే, చెప్పుకోనక్కర్లేదు, చేస్తాడు అన్నది చార్లీ జవాబు. నాటకమంతా మాటల వరద. అందులో ఒకడు నోరు మెదపకపోవడమే సంఘటన అయిన సీను ఇది. ఏం చెప్పలేదో దాని మీద విమర్శ రాయమంటే, క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలు ఆశ్చర్యపరుస్తారు.

రిక్వియం మీద రాయిస్తే చర్చగా రాయించండి. అది అసలు అవసరమా? విల్లీ చావడానికి కారెక్కి వెళ్లిపోయిన చప్పుడు దగ్గరే నాటకం ఆగిపోతే ఎలా ఉండేది? ఒక ఏడాది ఒక అబ్బాయి చార్లీని పట్టుకున్నాడు. రెండో అంకంలో, లోకంలో నీకున్నది నువ్వు అమ్ముకోగలిగింది మాత్రమే అన్న మనిషి, సమాధి దగ్గర సేల్స్‌మాన్ కల కనక తప్పదని, అతన్ని తప్పుపట్టొద్దని మాట్లాడతాడు. పాత్ర మారిపోయిందని వాడి ఫిర్యాదు. ఇంకో అమ్మాయి లేచి, చావింట్లో ఎవరైనా లెక్కలు మాట్లాడతారా అంది. నేను మధ్యలో కలగజేసుకోలేదు. నా వరకు ఆ భాగం ఉండాల్సిందే. ఆ రోజే ఇంటి అప్పు చివరి వాయిదా కట్టానని లిండా చెప్పే మాట కోసం. పాతికేళ్ల అప్పు తీరింది, ఇప్పుడు ఆ ఇంట్లో ఉండటానికి మనిషి లేడు. ఆ మాట మరెక్కడా చెప్పించలేం.

ఒక పాప ఇంకో మంచి ప్రశ్న పట్టుకొచ్చింది. విల్లీ కంపెనీలో 36 ఏళ్లుగా పనిచేస్తున్నాడని లిండా కొడుకులతో అంటుంది. హోవర్డ్ ముందు విల్లీ 34 ఏళ్లంటాడు. మిల్లర్ పొరపాటా, లిండా పెంచి చెప్పిందా, విల్లీ లెక్క తప్పాడా? నా దగ్గర జవాబు లేదు, ఆ పాపతోనూ అదే అన్నాను. టీచరుకు కూడా దొరకని ప్రశ్న తనకు దొరికిందన్న ఆనందంతో నాటకం మొత్తం ఇంకోసారి చదివింది.

నటుల విషయం కూడా క్లాసులోకి తెండి. 1949 ఫిబ్రవరి 10న బ్రాడ్‌వేలోని మొరాస్కో థియేటర్లో ఎలియా కజాన్ దర్శకత్వంలో మొదటిసారి ఆడినప్పుడు విల్లీ వేసిన లీ జె. కాబ్ భారీ మనిషి. తనను చూసి ఎవరో వాల్రస్ (భారీ సముద్ర జంతువు) అన్నారని విల్లీ చెప్పుకునే మాట ఆయన శరీరానికి తగ్గట్టు పెట్టిందే. మిల్లర్ మొదట రాసింది ‘రొయ్య’ అని. 1984లో పొట్టివాడైన డస్టిన్ హాఫ్‌మన్ వేసినప్పుడు మళ్లీ రొయ్య వచ్చింది. ఒక్క మాట మారితే సీను మారుతుందా అని అడగండి. 1985లో ఆయనతోనే తీసిన టీవీ సినిమా ఉంది. హోవర్డ్ సీను అందులో చూపించొచ్చు, కానీ రాశాకే. ముందే చూపిస్తే అందరూ హాఫ్‌మన్ మీదే రాస్తారు. 2022లో బ్రాడ్‌వేలో వెండెల్ పియర్స్ విల్లీగా, లోమన్ కుటుంబాన్ని నల్లజాతి కుటుంబంగా చూపిస్తూ ఆడారు. ఎదురుగా తెల్ల హోవర్డ్ కూర్చుని ‘కిడ్’ అంటే ఆ పిలుపు ఇంకెంత బరువెక్కుతుందో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మార్కుల సంగతికొస్తే, నా నియమాలు కొంచెం కఠినంగానే ఉంటాయి. మొదటి పేజీలో అమెరికన్ డ్రీమ్, సమాజం, విషాదం అనే మాటలు రాయకూడదు. పాత్ర మంచిదనో చెడ్డదనో ఒక్క విశేషణం కూడా వాడకూడదు. కథ నాలుగు వాక్యాలు దాటితే మార్కులు పోతాయి. సీను మొదట్లో ఎవరి చేతిలో ఏముంది, చివర్లో ఏముంది అన్నది తప్పకుండా ఉండాలి. రాసే ముందు ఆ సీనును ఇంట్లో ఎవరితోనైనా కలిసి గట్టిగా ఒకసారి చదవాలి. మొదట్లో పిల్లలు గొణుగుతారు. రెండో ఎస్సేకు అలవాటు పడతారు. ఎక్కువ మార్కులు మాత్రం నేను జవాబుకు వెయ్యను. సీను గురించి వాళ్లు అడిగిన ప్రశ్న ఎంత చిన్నదీ ఎంత గట్టిదీ అని చూసి వేస్తాను.

చివరిగా ఒక జాగ్రత్త, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఈ నాటకంలో గ్యాస్ హీటర్ దగ్గర దాచిన రబ్బరు గొట్టం ఉంది, కావాలని గుద్దుకున్న కారు ప్రమాదాలు ఉన్నాయి, ఆత్మహత్య ఉంది. మొదలుపెట్టే ముందే స్కూలు కౌన్సెలర్‌కు ఏ వారంలో ఏ భాగం చదువుతున్నామో చెప్పి పెట్టుకోండి. నేను మొదటి రోజే 988 నంబరు (ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లు సాయం కోసం ఫోన్ చేసే అమెరికా నంబరు) బోర్డు మీద రాసి, అది ఎందుకో చెబుతాను. రబ్బరు గొట్టం సీను ఎవరికీ అసైన్ చెయ్యను. ఎవరైనా తమంతట తాము కోరుకుంటే ఇచ్చే ముందు పక్కన కూర్చోబెట్టుకుని కాసేపు మాట్లాడతాను.

విత్తనాల సీను కూడా అంతే. రాత్రిపూట టార్చి లైటు పట్టుకుని విల్లీ పెరట్లో క్యారెట్, బీట్ విత్తనాలు నాటుతూ, తను పోతే వచ్చే 20,000 డాలర్ల ఇన్సూరెన్సు గురించి బెన్‌తో మాట్లాడతాడు. చుట్టూ ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేచాక ఆ పెరట్లో ఇక ఏదీ మొలవదని మొదటి అంకంలోనే మనకు తెలుసు. దాన్ని క్లాసులో ఇద్దరితో గట్టిగా చదివిస్తాను, లైట్లు సగం ఆర్పి. చదవడం అయ్యాక ఏమీ అడగను, బెల్లు కొట్టేదాకా అలా కూర్చోనిస్తాను.